పై రూం ఆమె

బాబును వేసే తొట్టెలకు పూలు కట్టడం అయిపోయింది. చుట్టాలంతా లోపల కూర్చున్నారు.

వనజ మెట్లు దిగి వచ్చి గడప దగ్గర ఆగింది. చేతిలో చిన్న కవరు. అందులో బాబు కోసం కొన్న నూలు అంగీ.

బాబు నానమ్మ దుర్గవ్వ ఎదురొచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు గిప్పుడు రాకు. పిల్లలున్నోళ్లు తొట్టెల ఊపుతున్నరు."

"జర చూసి పోత అవ్వా. ఒక్క నిమిషం."

"పదకొండేండ్లకు పుట్టిండు. మనసుల పెట్టుకోకు. నీకు పెండ్లి లేదాయె, పిల్లల్లేకపాయె. మా భయం మాది."

వనజ కవరు అరుగు మీద పెట్టి పైకి వెళ్లిపోయింది.

లోపల దుర్గవ్వ కోడలు జ్యోతిరాణికి అంతా వినిపించింది. ఒళ్లో ఉన్న బాబు ముఖం మీదికి కొంగు లాగింది.

కరీంనగర్‌లోని ఆ ఇంట్లో పై రూంకి వనజ అద్దెకు వచ్చి ఐదు నెలలైంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సొంతూరు గోదావరిఖని. తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. ఆమె హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి మానేసింది. ఇక్కడి దవాఖానలో క్యాన్సరుకు మందు ఎక్కించుకుంటోంది. జుట్టు రాలిపోవడంతో తలకు ఎప్పుడూ రుమాలు ఉండేది.

"ఏం కొలువు చేసినవమ్మా?" అని వచ్చిన కొత్తలో దుర్గవ్వ అడిగింది.

"మిషన్లు తయారు చేస్తుంటి అవ్వా. సన్నపనికి పనికొచ్చేటివి."

దుర్గవ్వ కుట్టుమిషన్లు అనుకుంది.

ఆ ఇంట్లో దుర్గవ్వకు తెలియనిది ఇంకొకటి ఉంది. లోపం తన కొడుకు రాంచందర్‌లోనే ఉంది. అతనూ జ్యోతిరాణీ ఎవరికీ చెప్పకుండా సంతాన కేంద్రానికి తిరిగారు. రెండుసార్లు ఫలించలేదు. మూడోసారి నిలిచింది. ముసలమ్మతో మాత్రం నాటుమందు పనిచేసిందని చెప్పారు.

ఒకరోజు జ్యోతిరాణి డాబా మీద బాబు బట్టలు ఆరేస్తోంది. వనజ గదిలోంచి వచ్చింది.

"బరువెంత పుట్టిండు?"

"రెండు కిలోల ఏడువందలు."

"పాలు మంచిగ తాగుతుండా?"

"తాగుతుండు. ఎందుకాంటీ?"

"ఊకెనే." కాసేపు ఆగి మళ్లీ అడిగింది. "ఒక్కపాలి ఎత్తుకుంట, తీస్కరావా?"

"అత్తమ్మ ఊకోదాంటీ."

అత్తమ్మ ఒక్కతే కాదు, తనకూ భయమే. ఆ మాట జ్యోతిరాణి బయటికి అనలేదు.

మూడో నెలలో బాబుకు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. రెండు రోజులు దవాఖానలో ఉంచి తీసుకొచ్చారు. ఆ పొద్దున్నే దుర్గవ్వ మెట్లెక్కింది.

"రూం ఖాళీ చెయ్యి."

"ఇంక నాలుగుసార్లు మందు ఎక్కియ్యాలె అవ్వా. అయిపోంగనే పోత."

"నీ మందు నీకు, నా మనుమడు నాకు. నువ్వచ్చినకాన్నుంచే మాకు పరేషాన్."

మెట్ల కింద జ్యోతిరాణి నిలబడి ఉంది. వనజ ఆమె వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది.

"సరే అవ్వా. రేపు పోత."

మర్నాడు ఆ గల్లీలోని అబ్బాస్ ఆటో వచ్చింది. రెండు సంచులు, ఒక పెట్టె. అబ్బాసే మోశాడు.

"ఎక్కడికమ్మా?"

"బస్టాండుకు తమ్మీ. ఖని బస్సు ఎక్కియ్యి."

ఆటో ఎక్కుతూ ఆమె కిటికీ వైపు చూసింది. బాబును భుజాన వేసుకుని నిలబడిన జ్యోతిరాణి పరదా లాగేసింది.

రెండున్నర నెలలు గడిచాయి. దుర్గవ్వ పెండ్లికని హుస్నాబాద్ వెళ్లిన రోజున ఒకతను తలుపు కొట్టాడు. సంతాన కేంద్రంలో ల్యాబు చూసే కరుణాకర్. అతన్ని వాకిట్లో చూసి జ్యోతిరాణి హడలిపోయింది.

"సార్, మా ఇంటికి ఎందుకొచ్చిండ్రు? ఎవలన్న చూస్తే..."

"నీ కోసం కాదమ్మా. వనజ మేడం ఈడనే ఉండె గద. సజ్జ మీద నోటుబుక్కులు మర్చిపోయిందట. తీస్కపోదామని."

"ఆంటీ ఎట్లున్నది?"

"పోయింది. పదిరోజులాయె. నడుమల మందు ఆగిపోయింది. ఖని నుంచి వచ్చిపోయే శక్తి లేకుండె."

జ్యోతిరాణి పై రూంకి వెళ్లి సజ్జ మీది నోటుబుక్కుల కట్ట తెచ్చింది.

"ఆమె మీకెట్ల తెలుసు సార్?"

కరుణాకర్ ఆమె వైపు వింతగా చూశాడు.

"వెంట్రుక కన్న సన్నటి సూదితోని అండంలకు మొగకణం పంపాలె. చెయ్యి జర వణికినా అండం పగుల్తది. నీవి రెండుసార్లూ నా చేతులనే పగిలినయ్. మూడోసారి ఒక్కటే మిగిలింది. నేను ముట్టలే. మేడం తయారు చేసిన మిషన్ మీద పెట్టినం. ఇరవై ఏండ్లు దానికే ధారపోసింది ఆమె. గిప్పుడు ఆదిలాబాద్ దంక గా మిషనే నడుస్తున్నది."

"గది నేనే అని ఆమెకు తెలుసా?"

"మీ ఇద్దరి పేర్లు ఇన్ననాడే నాకు ఫోన్ చేసింది. మరి వాళ్లకు చెప్పొచ్చు గద మేడం అన్న. ఇంట్ల తెల్వకుండ పెట్టుకున్నరు, నేను నోరిప్పితే ఆ పిల్ల సంసారం ఖరాబైతది అన్నది."

జ్యోతిరాణి లోపల తొట్టెలలో నిద్రపోతున్న బాబు వైపు చూసింది.

"మా బాబును ఒక్కపాలి గూడ చూడనియ్యలే సార్. గది చెప్పిందా మీకు?"

కరుణాకర్ నోటుబుక్కుల కట్ట చంకలో పెట్టుకున్నాడు.

"చెప్పలే. కని, ఆనాడు హైదరాబాద్ నుంచి వచ్చి మిషన్ ముందర కూసున్నదీ, తెల్లారి మైక్రోస్కోపుల చూసి పిండం కట్టిందని మాకు చెప్పిందీ మేడమే. నీ కొడుకును అందరికన్న ముందుగాల చూసింది ఆమెనేనమ్మా."