పెట్టకు తెలియకూడదు

"ఉష్! పెట్ట లేచిందంటే కొంప మునిగినట్టే పిన్నీ," గుసగుసలాడాడు టైలరు.

పొదుగుతున్న పెట్ట కింద నుంచి మురిగిన గుడ్లు ఒక చేత్తో లాగేస్తూ, బజారులో కొన్న పిల్లల్ని రెండో చేత్తో దూరుస్తున్నాడు. తెల్లారేసరికి అవి తను పొదిగినవేనని పెట్ట నమ్మాలి.

టార్చి పట్టుకున్న పిన్ని కిసుక్కున నవ్వింది. "ఆ చివరిది బాతుపిల్లరా!"

టైలరు వంగి చూశాడు. వెడల్పాటి ముక్కు, విసనకర్రల్లాంటి పాదాలు! "దీన్ని చూస్తే అన్నిటినీ పొడిచేస్తుంది. దాచెయ్, దాచెయ్!"

బాతుపిల్ల కీచుమంది. పెట్ట ఒక కన్ను తెరిచింది. పిల్లను ఎగాదిగా చూసి, ముక్కుతో రెక్క కిందికి లాక్కుని, మళ్ళీ కన్ను మూసుకుంది.

"నమ్మేసింది, పిచ్చిమొహంది!" టైలరు గంతేశాడు.

"నమ్మడమా, నీ మొహం! పెళ్ళైన మర్నాడు మీ నాన్న కూడా ఇలాగే, నేను నిద్రపోతున్నాననుకుని, తల్లిలేని నిన్ను చప్పుడు చేయకుండా నా పక్కలో దూర్చాడు. నేనూ ఒక కన్ను తెరిచే చూశాను."

టైలరు చేతిలో మురిగిన గుడ్డు అలాగే ఉండిపోయింది. "చూసి?"

"పాదాలు మరీ పెద్దవనిపించింది." పిన్ని టార్చి ఆర్పేసింది. "దుప్పటి ఇంకాస్త కిందికి లాగాను."