వీరకొచ్చిన బుద్ధి

ఒక పెరట్లో వీర అనే ముసలి కాపలా కుక్క, ఒక పిల్లి ఉండేవి. కుక్కకు కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. లేవబోతే వెనక కాళ్లు వణికేవి.

"గట్టిగా మూలుగు మామా! అమ్మగారు డాక్టరుకు చూపిస్తారు," అంది పిల్లి.

"కాపలా కుక్క మూలిగితే ఇంకేం పరువే?" అంది కుక్క.

ఇంటావిడ సుభద్రమ్మ పొరుగావిడతో చెప్పుకుని మురిసిపోయింది. "ఇదివరకు అందరి మీదా ఎగిరి దూకేది. ఇప్పుడెంత బుద్ధిగా పడుకుంటోందో చూడండి!"

ఆ బుద్ధికి మెచ్చి మేడ మీద కొత్త పరుపు వేసింది. అన్నం గిన్నె కూడా అక్కడే పెట్టి, "వీరా, పైకి రా!" అని పిలిచింది.

కుక్క తోక ఊపింది. ఎదురుగా పద్దెనిమిది మెట్లు.

"ఇప్పుడైనా మూలుగు మామా," అంది పిల్లి.

కుక్క పళ్లు బిగించి మొదటి మెట్టు మీద కాలు వేసింది.