పడుకుని చూసిన కిటికీ

“మేడమ్! నాలుగో గదిలో ఎవరో పెద్దాయన పడిపోయాడు!”

మేస్త్రీ కేకకు ఆర్కిటెక్టు పరుగెత్తింది.

మంచమెత్తు ఇటుకలు పేర్చి, పైన చెక్క వేసుకుని వెల్లకిలా ఉన్న ముసలాయన తాపీగా చెయ్యెత్తాడు.

“పడిపోలేదమ్మా. పడుకున్నాను.”

“ఇక్కడా? ఎందుకు?”

“ఇక్కడికొచ్చేవాళ్లు చేసేది అదేగా!”

అది చివరి రోజుల్లో ఉన్న రోగుల కోసం కడుతున్న భవనం. ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పని. నెల రోజుల్లో ప్రారంభం.

“కిటికీలోంచి ఏం కనబడుతోంది?” అంది గర్వంగానే.

“ఆకాశం.”

“దానికోసమే అలా గీశాను.”

“పోయేవాళ్లకి ఆకాశం ఎందుకు తల్లీ? ఎలాగూ అటేగా ప్రయాణం! కాస్త మనుషుల్ని కనబడనీ.”

మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది.

“నాకు పని నేర్పడానికొచ్చారా బాబాయ్?”

“అబ్బే, నేనెవర్ని నేర్పడానికి? ఓసారి నువ్వూ పడుకుని చూడు.”

దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు.

అందరూ భోజనాలకు వెళ్లాక ఆమె ఆ చెక్క మీద పడుకుంది.

నిలబడితే కనబడే తోట లేదు. తోటలో నడిచే బాటా లేదు. నీలంగా ఓ ముక్క, అంతే.

కొలతలన్నీ తను నిలబడే తీసుకుంది!

మర్నాడు పన్నెండు గదుల్లోనూ కిటికీ కింది గోడ అడుగున్నర కొట్టేయమంది.

“ప్రారంభం వెనక్కిపోతుంది మేడమ్,” అన్నాడు మేస్త్రీ.

“పోనీ.”

కట్టిస్తున్న ట్రస్టువాళ్లు ఇంతెత్తున లేచారు. ఇకమీదట నీకు పనిచ్చేవాడెవడో చూస్తామన్నారు. మాటలు పడింది కానీ, గోడలు మళ్లీ లేపలేదు.

ముసలాయన రోజూ వచ్చి, కూలీలతో పాటు టీ తాగి, గదిగదికీ తిరిగేవాడు.

“మా అమ్మ పెద్దాసుపత్రిలో పోయింది బాబాయ్,” అంది ఓరోజు ఆర్కిటెక్టు. “ పదిరోజులూ గోడే చూసింది. ఆ కిటికీలు నెత్తికెక్కించినవాడు కనబడితేనా, కడిగి పారేద్దును!”

“కడగాల్సిందే,” అన్నాడాయన, టీ గ్లాసులోకి చూస్తూ.

ఆ తర్వాత కొన్నాళ్లకు రావడం మానేశాడు.

ప్రారంభమైన రోజు, నాలుగో గదిలోని అవ్వ మంచం మీంచే తోటమాలిని గదమాయిస్తోంది.

“ఏమయ్యోయ్! నీళ్లు మొక్కకి పోస్తున్నావా, బాటకి పోస్తున్నావా?”

“నువ్వొచ్చి పొయ్యవే అవ్వా!”

అవ్వ పకపకా నవ్వింది.

గుమ్మంలో ఒకావిడ నిలబడి ఆ కిటికీనే చూస్తోంది.

“ఇక్కడికి రోజూ వచ్చి పడుకునేవారే, ఆయన కూతుర్నండి. నాన్నగారు పోయిన వారం వెళ్లిపోయారు. హాయిగానే. ఇంట్లో, వీధి కిటికీ పక్కన, కూరలబండివాడితో మాట్లాడుతూనే.”

ఆర్కిటెక్టు ఆవిడ దగ్గరికొచ్చింది. ఆయన పేరైనా అడగలేదు తను.

“మీ కిటికీల గురించి రోజూ చెప్పి మురిసిపోయేవారు. అమ్మ పోయినప్పట్నుంచీ అంతేనండి. ఎక్కడ ఆసుపత్రి కడుతున్నా వెళ్లి, పడుకుని చూసొచ్చేవారు.”

“ఎందుకలా?”

“అమ్మ పోయింది పెద్దాసుపత్రిలో,” అందావిడ మెల్లగా, “దానికి ప్లాను గీసింది నాన్నగారేనండి.”