సింపులా, గ్రీవియస్సా?

మొదటి దెబ్బకే దవడ విరిగింది. రెండో దెబ్బకు మనిషి కింద పడ్డాడు. పడ్డాక కూడా కారువాడు ఆగలేదు. సీటు కిందనుంచి తీసిన ఇనప రాడ్డుతో మొహం మీదే కొట్టాడు. రోడ్డు ఎర్రబడింది.

ఇంతా చేసి కారణం గోరంత. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కొరియర్ అతని బండి కారుకు రాసుకుంది.

చుట్టూ జనం మూగారు. ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు. కారు దూసుకుపోయాక ఆ రక్తంలోనే చతికిలబడి, అతని తల ఒళ్లోకి తీసుకున్నది ఒక పెద్దావిడ. ఆటోకు అడ్డం నిలబడి, తెలివి తప్పిన మనిషిని ఆసుపత్రికి చేర్చింది.

గాయాలు కడుగుతూ డ్యూటీ డాక్టరమ్మ ఏం జరిగిందని అడిగింది. ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. అడ్డం వెళితే తననూ ఒక్క తోపు తోశాడంటూ, దోక్కుపోయిన మోచెయ్యి చూపించింది.

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ గొణిగాడు. కారు నంబరు చూసినవాడు లేడట. గాయాల సర్టిఫికెట్‌లో సింపుల్ అని రాసేస్తే అందరికీ హాయి అట. గ్రీవియస్ అంటే మాత్రం ఆ కేసు తన మెడకో డోలు అవుతుందట.

“ఆ రెండు మాటలకు అర్థమేంటమ్మా?” అని అడిగింది పెద్దావిడ.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. తోలు లేచినా, ఒళ్లు వాచినా సింపుల్. ఎముక విరిగినా, పన్ను ఊడినా, కన్ను పోయినా గ్రీవియస్. మొదటిదైతే కొట్టినవాడు జరిమానాతో బయటపడొచ్చు. రెండోదైతే ఏళ్లకేళ్లు జైలు.

“మరి ఇతనికి?”

“దవడ విరిగింది. ముందు పళ్లు లేవు. ఎడమ కంటికి ఇక చూపు రాదు. కానీ మీవాడు బతుకుతాడు పెద్దమ్మా, ఆ పూచీ నాది.”

ఆవిడ ఏదో అనబోయి ఆగింది. చెంగుతో కళ్లు తుడుచుకుంటే చెంగుకున్న రక్తం మొహానికి అంటుకుంది. కానిస్టేబుల్‌కే మనసు చివుక్కుమన్నట్టుంది, కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

“చిన్న దెబ్బే అయ్యుంటే బాగుండునని దారి పొడుగునా మొక్కుకుంటూ వచ్చానమ్మా,” అంది చివరికి. “కానీ కన్ను పోయింది కదా. ఉన్నదే రాయండి.”

డాక్టరమ్మ గ్రీవియస్ అని రాసి సంతకం పెట్టింది.

కానిస్టేబుల్ నిట్టూర్చాడు. రాసి ఏం లాభం, నంబరు తెలియని కారును ఈ ఊళ్లో ఎక్కడని వెతకాలి అన్నాడు.

“నంబరెందుకు బాబూ, ఇంటికే తీసుకెళ్తాను పద,” అంది పెద్దావిడ, “నేనూ ఆ కారులోనే ఉన్నాను. వాడు నా కొడుకు.”