ఇద్దరి బరువు

"నూట ఎనభై ఐదు. ఐదు గ్రాములు ఎక్కువుంది," అన్నాడు భర్త, పళ్లెం కింద ఉన్న వంటింటి కాటా మీదకి వంగి.

"ఐదు గ్రాములంటే ఎంతండీ? పిచ్చుకకి కూడా ఆనదు!" అంది బెలూనక్క.

"గడియారంలో ఐదు సెకన్లు తేడా వస్తే నేను ఊరుకుంటానా?" గడియారాలు బాగుచేసే ఆ వేళ్లతోనే చెంచా పట్టుకుని, ఆమె పళ్లెంలోంచి కాస్త అన్నం తీసేశాడు. కాటా నూట ఎనభై చూపించింది. "ఆఁ, ఇప్పుడు తిను."

"మీ చేత కాటా కొననివ్వడం నాదే బుద్ధి తక్కువ," అని మూతి ముడుచుకుంటూనే ఆమె మొదటి ముద్ద కలుపుకుంది. ఆరు ముద్దలకే పళ్లెం అడుగు కనిపించింది.

మనుషుల్ని ఎక్కించుకుని ఎగిరే పెద్ద బెలూన్లకు గుడ్డ కుట్టడం ఆమె పని. ముప్ఫై ఏళ్లు కుట్టింది గానీ ఒక్కసారీ ఎక్కలేదు. ఈ ఏడు పని మానేస్తోంది కాబట్టి కంపెనీవాళ్లు మొగుడూ పెళ్లాలిద్దరినీ ఒకసారి పైకి తిప్పుతామన్నారు. కాకపోతే ఒక షరతు. బుట్టలో ఎక్కే ఇద్దరి బరువూ కలిపి నూట యాభై కిలోలు దాటకూడదు. కంపెనీ కాటా మీద ఇద్దరినీ నిలబెడితే నూట యాభై ఎనిమిది వచ్చింది. ఆయన చూడబోతే అగ్గిపుల్ల. తగ్గాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. గడువు మూడు నెలలు.

"ఒక్కదానివే అయితే ఈ తిప్పలే ఉండవు. నువ్వెక్కి రారాదూ?" అన్నాడాయన ఆ రోజే.

"మీరు పక్కన లేకుండా ఆ మబ్బుల్ని చూసి ఏం చేసుకోను? ఎక్కితే ఇద్దరం ఎక్కుతాం, లేదా ఇద్దరం ఇంట్లోనే కూర్చుంటాం."

మర్నాడే ఆయన వంటింటి కాటా కొనుక్కొచ్చాడు.

సగం కడుపుతో మిషన్ ముందు కూర్చుంటే లోకమే పల్చగా కనిపించేది బెలూనక్కకి. సూది కింద నుంచి జారిపోయే ఎర్రగుడ్డ ఏరులా పారుతుండేది. కూర్చున్న స్టూలు నేల మీంచి బెత్తెడు లేచినట్టుండేది. కిటికీలోంచి కనిపించే తెల్లమబ్బు ఎన్ని గ్రాములుంటుందో, కాటా మీద పెడితే ఆయన చెంచాతో ఏ మూల తీసేస్తాడో అని నవ్వుకునేది.

"అక్కా, గుడ్డ అయిపోయింది. ఉత్త గాలిని కుడుతున్నావు, కిందకి దిగు!" అని పక్క మిషన్ ఆవిడ కేకేసేది.

ఇంటికొస్తే ఆయన చొక్కా గుండీ ఊడి ఉండేది.

"పుచ్చుదారమండీ ఇది," అని సణుక్కుంటూ సూది అందుకునేది.

"కాస్త చివరికి జరిపి కుట్టవే, గట్టిగా ఉంటుంది," అనేవాడాయన. జరిపి కుట్టేది. చెయ్యి గుండీ మీద, మనసు మబ్బుల మీద. ఆరేసిన బట్టలు తెద్దాం మేడ మీదకి రండి అంటే మాత్రం ఆయనకి మోకాళ్ల నొప్పి మొదలయ్యేది.

మూడు నెలలయ్యేసరికి టేపు పెట్టి చూసుకుంది. నడుము నాలుగు అంగుళాలు తగ్గింది. ఇంకేం, బుట్టెక్కినట్టే!

గడువు రోజు తెల్లవారుతుండగా మైదానానికి వెళ్లారు. మంచు పాలలా పరుచుకుని ఉంది. తను కుట్టిన ఎర్రబెలూన్ గాలి నింపుకుని, నిద్రలోంచి ఒళ్లు విరుచుకుంటున్నట్టు మెల్లగా లేస్తోంది. చలికి పొడుగు కోటు తొడుక్కున్న భర్త చెయ్యి పట్టుకుని ఆమె పెద్ద కాటా ఎక్కింది.

కాటా మనిషి అంకె చదివాడు. "నూట యాభై ఎనిమిది."

"నీ కాటా చెడిపోయింది! నా జాకెట్లన్నీ కుదించి కుట్టుకున్నాను, తెలుసా?"

"పొద్దున్నే సరిచూశానక్కా. గ్రాము తేడా రాదు."

భర్తే ముందు కాటా దిగాడు.

"నువ్వెక్కు," అన్నాడు.

"మీరు లేకుండానా? నేనెక్కను."

"మూడు నెలలు కడుపు మాడ్చుకున్నది ఇక్కడ నిలబడి చూడ్డానికా? ఎక్కవే. నాకోసం ఎక్కు. పైనుంచి చూస్తే నేను ఎంత ఉంటానో వచ్చి చెబుదువు గాని." కోటు చివరతో కళ్లొత్తుకున్నాడు.

ఆ మాటకి ఆమె కరిగిపోయింది. ఏడుస్తూనే బుట్టలో కాలు పెట్టింది.

నేల తనంతట తానే కిందకి జారిపోయింది. మంచు కిందకి వెళ్లిపోయింది. ఎండ ఎర్రగుడ్డలోంచి దిగి ఆమె చేతుల మీద పడింది. తను వేసిన కుట్లన్నీ తల మీద వరసలుగా వెలుగుతున్నాయి. ముప్ఫై ఏళ్ల కల అంటే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందనుకోలేదు.

"మంట ఆపుతున్నానమ్మా. ఇక చూడండి, కింద చీమ చిటుక్కుమన్నా మనకి వినిపిస్తుంది," అన్నాడు బెలూన్ నడిపేవాడు.

ఆమె బుట్ట అంచు పట్టుకుని తొంగి చూసింది. మైదానం మధ్యలో, మెతుకంత మనిషి చెయ్యి ఊపుతున్నాడు. పాపం, ఎంత ఆశపడ్డాడో! దిగగానే ఆయనకి కడుపునిండా వండిపెట్టాలి అనుకుంది.

అప్పుడు కిందనుంచి ఆయన గొంతు గంట కొట్టినట్టు తేలి వచ్చింది. కాటా మనిషితో అంటున్నాడు:

"హమ్మయ్య, గండం గడిచింది బాబూ! మేడ మెట్లెక్కితేనే కళ్లు తిరిగే మనిషిని నేను. అందుకే ఆవిడ పళ్లెంలోంచి ఎంత తీస్తే, దానికి రెండింతలు నేను మింగుతూ వచ్చాను!"