వారం వారం సారాంశం

క్షమించమని అడగడానికి వెళ్తూ చేతిలో ఏం పట్టుకెళ్లాలో సిర్కుకి తోచలేదు. చివరికి మంచి కాఫీ పొడి ఒక ప్యాకెట్ కొని బస్సెక్కింది. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

గ్రంథాలయాలు ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ని తాయిస్తో కుర్రతనంలో మొదలుపెట్టాడు. ఇప్పుడాయన జుట్టంతా నెరిసింది. ఆ పనికి జీతం లేదు, సెలవు అసలే లేదు. దాన్ని బాగుచేసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ల వాదనలన్నీ, ఒకరు రాస్తే అందరికీ చేరే ఒక మెయిలింగ్ లిస్టులో నడుస్తాయి. వచ్చిపడే మెయిళ్లన్నీ చదివే ఓపిక ఎవరికీ లేదు. సిర్కు ఒక్కతే అన్నీ చదివి, వారానికోసారి ఒక పేజీలో సారాంశం రాసిపెడుతుంది. మిగతావాళ్లు చదివేది ఆ పేజీ ఒక్కటే. పుట్టినరోజులు, సొంత గోడు అందులో వేయదు. పని సంగతులే వేస్తుంది. ఆ పద్ధతంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

పోయిన చలికాలం హల్లా అనే పేరుతో ఎవడో లిస్టులో చేరాడు. వస్తూనే తాయిస్తో మీద పడ్డాడు. ముసలాయన రాసిన కోడ్ బూజు పట్టిపోయిందన్నాడు. ఏ మూల ఏ లోపం ఉందో వేలుపెట్టి చూపించాడు. అన్నీ నిజాలే. పని సంగతే కదా అని సిర్కు వాటిని ప్రతివారం అన్నిటికంటే పైన వేసింది.

తాయిస్తో ఒక్కదానికీ జవాబివ్వలేదు. మెల్లగా మిగతావాళ్లూ గొంతు కలిపారు. పెద్దాయన ఇక తప్పుకుంటే మంచిదేమో అన్నారు. మంచు కరిగేలోగా ఇద్దరు కుర్రాళ్లు ఆ భారం తీసుకున్నారు. ఆ తర్వాత హల్లా జాడ కూడా లేదు.

అప్పటినుంచి సిర్కుకి తిండి సహించడం లేదు. ఎవడో ఒక మూల కూర్చుని తిడితే, ఆ తిట్లను నలుగురి ముందూ పరిచింది తనే. ముప్పయ్యేళ్ల పనిని ఒక మనిషి చేతుల్లోంచి లాగేసినట్టు అనిపించేది.

తాయిస్తో సరస్సు ఒడ్డున, తన చెక్క ఇంటి మెట్ల మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తున్నాడు. కాఫీ పొడి అందుకుని వాసన చూశాడు. కూర్చోమన్నాడు.

"నన్ను క్షమించండి తాయిస్తో," అంది సిర్కు. "హల్లా రాసినవి వేయకుండా ఉండాల్సింది. మిమ్మల్ని తరిమేసింది నేనే."

"వాడి మీద బాగా కోపంగా ఉందా?"

"చేతికి దొరికితే ఈ సరస్సులో ముంచేస్తాను."

"వద్దులే, నీళ్లింకా చల్లగా ఉన్నాయి."

సిర్కు కళ్లు తుడుచుకుంది. తాయిస్తో కత్తి పక్కన పెట్టాడు. తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు.

"ఇక నావల్ల కాదు, ఎవరైనా తీసుకోండని ఏడాది పొడుగునా లిస్టులో మొత్తుకున్నా, నీ సారాంశంలో ఒక్కసారీ రాలేదు సిర్కూ, తిట్లయితే వేస్తావేమోనని హల్లా పేరు పెట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను."