పడమటి చెలక

శ్యాంసుందర్ మూడు గెంతులు గెంతి నేలకు దిగాడు.

"సూపర్ ల్యాండింగ్!" అని తనకు తానే మెచ్చుకున్నాడు.

ఆయనది చేవెళ్లలో ఎరువుల దుకాణం. వారమంతా యూరియా బస్తాల మధ్య కూర్చుంటాడు. ఆదివారం పొద్దున్నే చిన్న మంగళారం ఊరి అవతలి మట్టి రన్‌వే మీదికొచ్చి గాల్లోకి లేస్తాడు. మూడు చక్రాల బండి, పైన గుడ్డతో కుట్టిన ఎర్ర రెక్క, వెనక ఫ్యాను. స్టీరింగు ఉండదు. రెక్క కింది అడ్డకడ్డీ పట్టుకుని ఒంటి బరువు ఎటు జరిపితే అటు పోతుంది. నేర్చుకుని ఏడాది కాలేదు, అప్పుడే ఆయన ముందు గద్దలు కూడా దిగదుడుపే.

రన్‌వే చివర ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"దెబ్బ తాకిందా బిడ్డా?"

"దెబ్బెందుకు తాకుతది అవ్వా? గట్లనే దిగుతరు."

ఆమె నమ్మినట్టు లేదు. రెక్కను కిందికీ మీదికీ చూసింది.

"ఇంజను నడుమల ఆగితే ఏడ పడ్తవు?"

శ్యాంసుందర్ మొహం మాడిపోయింది. బండికి నిమ్మకాయ కట్టకుండా ఎగరని మనిషి ఆయన.

"పొద్దుగాల్నే గవేం మాటలు?"

ఎగరడం నేర్పే క్రాంతి కుమార్ పక్కనే ఉన్నాడు. నవ్వాపుకోలేకపోయాడు.

"నేను గూడ ప్రతిసారి గదే అడుగుతున్న గదన్నా."

"నువ్వడిగితే పాఠం. ఆమె అడిగితే అపశకునం."

"కోపానికి రాకు సారూ," అంది ముసలామె. "ఏ దిక్కు లేస్తవో చెప్పు, పోత."

"పడమటికి. చాలా? పాండూ! ఈమెను బయటికి తోలు. మళ్ల ఈడ కనవడొద్దు."

కాపలా ఉండే పాండు ఆమెను గేటు దాకా తీసుకెళ్లాడు. ఆమె మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు శ్యాంసుందర్.

రెండు నెలలు గడిచాయి.

మనిషిని ఎక్కించుకుని ఎగిరే అనుమతి చేతికొచ్చింది. ఆ ఆదివారమే ఇంటర్ చదివే కూతురు సాహిత్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ముందురోజు తానే పెట్రోలు ఫిల్టరు విప్పి కడిగి బిగించాడు. మెకానిక్‌ను దగ్గరికి కూడా రానివ్వలేదు.

"ఇంజన్ ఆగితే ఎక్కడ దిగుతవన్నా?" అలవాటుగా అడిగాడు క్రాంతి.

"నా చేతులతోని సర్వీసింగ్ చేసిన. ఆగదు."

మూడు వందల అడుగుల ఎత్తులో ఆగింది.

ఫ్యాను చప్పుడు పోయి గాలి చప్పుడు మిగిలింది. సాహిత్య వెనక నుంచి తండ్రి భుజాలు గట్టిగా పట్టుకుంది.

"డాడీ!"

వెనక్కి తిరగడానికి ఎత్తు చాలదు. తిరిగితే కూలడమే. ముందుకే దిగాలి. కడ్డీని పొట్ట మీదికి లాక్కుని బండి ముక్కు కిందికి వంచాడు. కింద ఎటు చూసినా దొండ పందిళ్లే. వరసగా రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగలు. అవి దాటితే ఫామ్‌హౌస్ ప్రహరీలు. శ్యాంసుందర్‌కు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయం వేసింది. తన గురించి కాదు, వెనకున్న పిల్ల గురించి.

అప్పుడు పందిళ్ల నడుమ ఒక చెలక కనిపించింది. పొడుగ్గా, చదునుగా, ఏమీ లేకుండా ఉంది.

నాలుగు గెంతులు గెంతి అందులో ఆగాడు.

"దిగినమా డాడీ?"

"దిగినం బిడ్డా. మీ డాడీ అంటే ఏమనుకున్నవు?" అన్నాడు. పట్టుకున్న కడ్డీని మాత్రం ఇంకా వదల్లేదు.

క్రాంతి బైకు మీద వచ్చాడు. ముందు పిల్లను చూశాడు, తర్వాత ట్యాంకు చూశాడు.

"అన్నా, ఫిల్టరు కడిగి పెట్రోలు కుళాయి సగమే తిప్పినవ్."

శ్యాంసుందర్ వంగి కుళాయి వైపు చూశాడు.

క్రాంతి చెలకలో నాలుగడుగులు నడిచాడు. కొత్త మట్టితో పూడ్చిన గుంతలు వరసగా ఉన్నాయి.

"మొన్నమొన్నటిదాంక ఇక్కడ గూడ పందిరే ఉండెనన్నా. పైనుంచి రోజు చూసేటోన్ని."

పక్క చెలకలో దొండకాయలు తెంపుతున్న ఒకామె బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సాహిత్యకు నీళ్లు తాగించింది. పేరు లిదియా అంది.

"ఈ చెలక ఎవరిదమ్మా?" అడిగాడు శ్యాంసుందర్.

"మాదే సారు. మా అమ్మ అంతమ్మది."

"కాత మీదున్న పందిరి ఎందుకు పీకిన్రు?"

"మేమెందుకు పీకుతం సారు? అమ్మనే కడీలు తీపిచ్చింది. గుంతలు పూడిపిచ్చింది, ఒక్కొక్క రాయి ఏరి గట్టుకేసింది. పిచ్చి పట్టిందా అని ఇంట్ల మస్తు లొల్లి చేసినం. 'రన్‌వే కాడికి పోయి అడిగొచ్చిన, ఆ సారు ఇటు దిక్కే లేస్తడంట' అన్నది."

శ్యాంసుందర్‌కు ముసలామె మొహం కళ్ల ముందుకొచ్చింది. గేటు బయటికి తోలించిన తన గొంతు తనకే వినిపించింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అమ్మ ఎక్కడున్నదమ్మా? కాళ్లు మొక్కుత."

"పోయిన శుక్రారం సమాధి చేసినం సారు. రెండు రోజుల జ్వరం, అంతే."

శ్యాంసుందర్ మట్టిలోనే కూలబడ్డాడు. కూతురు చూస్తుందని కూడా లేకుండా ఏడ్చాడు.

చివరికి మొహం తుడుచుకుని లేచాడు.

"పందిరి నేను ఏపిస్తనమ్మా. రేపే కడీలు తెప్పిస్త. మీ చెలక మీరు చేసుకోండ్రి."

లిదియా మట్టిలో పడిన చక్రాల అచ్చులు చూసింది. తల అడ్డంగా ఊపింది.

"వద్దు సారు, 'ఆ ఎర్ర రెక్క సారుకు దిగుడు ఇంకా మంచిగ రాలే, వచ్చేదాంక చెలకల నాగలి పెట్టకుండ్రి' అని మాట తీసుకొని కండ్లు మూసింది మా అమ్మ."